కళ్ళాపి చల్లిన కోర్టు

"తాళం తియ్యవే లీలా! నీకు పుణ్యముంటుంది."

శారదాదేవి ఆ మాట ఎన్నిసార్లు అందో ఆవిడకే గుర్తు లేదు. ఇనుప జాలీ కంచెకి అవతల నిలబడి, చల్లారిపోతున్న కాఫీ గ్లాసుని పట్టుచీర కొంగుతో మూసి పట్టుకుంది. వాకిట్లో ఆగిన కార్లవైపు ఒకసారీ, కంచె లోపల కూతురివైపు ఒకసారీ చూస్తోంది.

లీలాకుమారి తల అడ్డంగా ఊపింది. టెన్నిస్ కోర్టు పక్కన అంపైరు కుర్చీ మెట్టుమీద, ఆపరేషనైన కుడికాలు చాపుకుని కూర్చుంది. తాళంచెవి గుప్పిట్లో ఉంది.

జూబ్లీహిల్స్ బండల్ని పగలగొట్టించి, ఎర్రమట్టి లారీల్లో తెప్పించి, రోలరుతో అణిచి అణిచి తయారుచేసిన కోర్టు అది. రాత్రికి రాత్రి దానికి పట్టిన గతి చూసి లీలకి మొదట ఏడుపొచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. ఇప్పుడు ఆ రెండూ పోయి ఒట్టి రోత మిగిలింది.

షామియానా వెయ్యడానికని కోర్టు చివర బేస్‌లైను గీత వెంబడే గుంటలు తవ్వారు. అంతటితో ఊరుకుంటే వాళ్ళు సినిమావాళ్ళెందుకవుతారు? సినిమా ముహూర్తమంటే శుభకార్యం కదా అని కోర్టు నిండా పేడనీళ్ళు కళ్ళాపి చల్లారు. దానిమీద ముగ్గు పెట్టారు. ముగ్గు మధ్యలో టెన్నిస్ రాకెట్టు బొమ్మ. నెట్టుకి మామిడాకులు కట్టి, బుట్టలో ఉన్న బంతులన్నిటికీ పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టారు. ఇంత భక్తిగా ఒక ఆటని చంపడం ఫిల్మ్‌నగర్‌వాళ్ళకే చేతనవును.

తెల్లవారుతూనే లీల గేటుకి తాళం వేసి, పార తీసుకుని గుంటలు తనే పూడ్చింది. కాళ్ళతో తొక్కి, పైన మట్టి చల్లి, ఇవతలి సగం చీపురుతో ఊడ్చింది. చూడ్డానికి మళ్ళీ కోర్టులాగే ఉంది. అవతలి సగంలో ముగ్గు అలాగే వదిలేసింది. మోకాలు సహకరించలేదు.

"పోనీ కాఫీ అయినా తాగు," అంది శారదాదేవి.

"జాలీలోంచి ఎలా ఇస్తావమ్మా?"

"తాళం తీస్తే ఇస్తాను."

లీల నవ్వింది గానీ కదల్లేదు.

"నీ కథే సినిమా తీస్తున్నారు కదే! టెన్నిస్ ఆడే పిల్ల బీదపిల్లల్ని చేరదీసి ఆట నేర్పడం. ఇంత గౌరవం ఏ కూతురికి దక్కుతుంది? పైగా ముహూర్తం దాటిపోతోంది. మీ నాన్నగారి కిందటి సినిమాకి ముహూర్తం దాటాక కొబ్బరికాయ కొట్టారు. ఏమైంది? రెండో వారానికి హాల్లో ఈగలు తోలుకున్నారు."

"ఆ సినిమాలో కథ లేదమ్మా."

"ఆ ముక్క మీ నాన్నగారి దగ్గర అనకు," అని శారదాదేవి వెనక్కి తిరిగి చూసింది.

వచ్చింది నాన్నగారు కాదు. బావగారు. సూర్యప్రకాశరావు లీల అక్కకి మొగుడు, మామగారి సినిమాలకి పబ్లిసిటీ చూస్తాడు. శ్రీనగర్ కాలనీలో సొంతిల్లు ఉన్నా అతని భోజనం మాత్రం ఎప్పుడూ అత్తగారింట్లోనే. తెల్లబూట్లకి పేడ అంటకుండా ఒక్కొక్క అడుగే చూసుకుని వేస్తూ కంచె దగ్గరికొచ్చాడు.

"ఏం మరదలా, అలకా?"

"లేదు బావగారూ. కాపలా."

"చూడు లీలా, ఈ పిల్లల కోసం పెట్టిన నీ ట్రస్టుకి నేనెంత కష్టపడుతున్నానో నీకు తెలీదు. ఈ సినిమా ఆడిందంటే నీ పేరు ఊరూరా మోగిపోతుంది. నువ్వు ఇన్నేళ్ళు బంతిని కొట్టీ కొట్టీ సంపాదించలేని పేరు!"

"అవును బావగారూ. మీరు ఏమీ కొట్టకుండానే సంపాదించారు."

అతనికి అది మెచ్చుకోలులాగే వినిపించింది. జాలీకి మరింత దగ్గరగా జరిగాడు.

"ఒక్కటే చిక్కొచ్చిపడింది. నీ పిల్లలందర్నీ పొద్దున్నే పిలిపించి చూశాం. ఏమీ అనుకోకు, ఒకరిద్దరు తప్ప పనికిరారు."

"ఏం? ఆట రాదా?"

"ఆటతో మాకేం పని? బీదవాళ్ళలా లేరు." అతని గొంతులో నిజమైన బాధే ఉంది. "తెల్లబూట్లు, తెల్లబనీన్లు! ఒక్కొక్కడికి బుగ్గలు కూడా వచ్చాయి. గుడ్లూ పాలూ పెట్టి పాడుచేశావు. వాళ్ళని చూసి ప్రేక్షకుడికి జాలేం పుడుతుంది చెప్పు? కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటుకి కబురంపాను, వేరేవాళ్ళని తెస్తాడు. కాస్త బక్కగా, జుట్టు రేగిపోయి..."

"జ్వరం తగిలినవాళ్ళయితే ఇంకా బావుంటారేమో?"

సూర్యప్రకాశరావు ఒక్కక్షణం ఆలోచించాడు. "అంత అక్కర్లేదులే. మేకప్ ఉందిగా."

లీల అతని మొహంకేసి చూస్తూ ఉండిపోయింది. ఎక్కడైనా ఎగతాళి ఉందేమోనని వెతికింది. లేదు. ఇలాంటివాణ్ణి తిట్టడం కూడా దండగే అనిపించింది.

"మొదటి షాట్ ఏమిటో చెప్తాను విను. నీకే కన్నీళ్ళొస్తాయి. చిరిగిన గౌనుతో ఓ పిల్ల పరిగెత్తుకుంటూ వస్తుంది. హీరోయిన్ కాళ్ళు పట్టుకుంటుంది. 'అక్కా! నాకు అన్నం వద్దక్కా, ఆట నేర్పించక్కా!' అంటుంది."

"అన్నం వద్దన్న పిల్లని నేనింతవరకూ చూళ్ళేదు. ఇడ్లీలు కాస్త ఆలస్యమైతే నా కోర్టులో రోజూ తిరుగుబాటే."

"అదే మరి! నిజంలో డైలాగు ఉండదు."

వాకిట్లో కారు తలుపు తెరుచుకుంది. బొంబాయి నుంచి తెచ్చిన హీరోయిన్ ఒక కాలు కింద పెట్టి, ఎండ చూసి, మళ్ళీ లోపలికి లాక్కుంది. ఆమె ఒళ్ళో రాకెట్టు ఉంది. పప్పు కలిపే గరిటెలా పట్టుకుంది దాన్ని.

అప్పుడొచ్చాడు లీల తండ్రి, నిర్మాత చలపతిరావు. జనం రెండువైపులా తప్పుకున్నారు. ఆయన అరవలేదు. బయటివాళ్ళ ముందు ఆయన ఎప్పుడూ అరవడు. మెడలో దండ కూడా తియ్యకుండా వచ్చి, జాలీ దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"గుంటలు తవ్వారు నాన్నగారూ," అంది లీల.

"పూడుస్తారు."

"నేనే పూడ్చాను."

"మరింకేం?"

చలపతిరావు ఊడ్చిన కోర్టువైపు చూశాడు.

"ఈ కోర్టు ఎవరు వేయించారమ్మా?"

"మీరే."

"ఎందుకు వేయించాను? పిల్లలకి ఇడ్లీలు పెట్టడానికా? నా కూతురు ప్రపంచాన్ని గెలిచి వస్తుందని వేయించాను. ఏ దేశం వెళ్ళినా మొదటి రౌండే కదా నువ్వు ఆడింది!"

"రెండుసార్లు దాటాను."

"ఆ రెండుసార్లూ పేపర్లో వేయించింది నేనే. మిగతావి పడకుండా చూసిందీ నేనే. ఆ కష్టం నీకు తెలీదు."

శారదాదేవి "ఏవండీ" అంది మెల్లిగా.  

తండ్రి మాట లీలకి తగలాల్సిన చోటే తగిలింది. ఆసుపత్రి మంచంమీద పడుకున్నప్పుడు ఇలాంటి మాట ఎవరో ఒకరు అంటారని అనుకుంటూనే ఉంది. ఇంత చులకనగా, మెడలో దండతో అంటారని మాత్రం అనుకోలేదు.

"మీకూ నాకూ తేడా అదే నాన్నగారూ," అంది చివరికి. "నేను ఓడిపోతే నెట్టు దగ్గరికెళ్ళి గెలిచినవాళ్ళకి చెయ్యిచ్చి వస్తాను. మీరు యాభైరోజుల పోస్టరు వేయిస్తారు. మీ వీధి నిండా నటనే. ఇంట్లోనూ నటనే. ఈ కంచె లోపల మాత్రం అది లేదు. బంతి గీత లోపల పడితే లోపల, బయటపడితే బయట. అందుకే మిమ్మల్ని రానివ్వను."

చెప్పాక ఆమెకి ఎంతో హాయిగా అనిపించింది. పొద్దుటి నుంచీ ఒక్కొక్కరినీ చీదరించుకుంటూ ఉంటే లోపల ఏదో సుఖంగానే ఉంది. ఇంతమందిలో తనొక్కతే శుభ్రంగా ఉన్నట్టు ఉంది.

చలపతిరావు మెడలో దండ తీసి అల్లుడి చేతికిచ్చాడు. "నటన లేదా? అయితే నీ కౌసల్యనే అడుగు. చిరుగు గౌనుకి ఒప్పుకుంది."

లీల లేచి నిలబడింది.

ఆ కోర్టుకొచ్చే పిల్లలందరిలోకీ కౌసల్య వేరు. పదమూడేళ్ళ పిల్ల. యూసుఫ్‌గూడ నుంచి రోజూ పొద్దున్నే గుట్టెక్కి నడిచొస్తుంది. బంతి ఎక్కడ పడబోతోందో అందరికన్నా ముందు ఆ పిల్ల కాళ్ళకి తెలుస్తుంది. ఎవరు పోయినా పోయారు గానీ ఈ పిల్లని మాత్రం ఆటగత్తెని చేసి తీరాలని ఆసుపత్రి నుంచి వచ్చినరోజే లీల అనుకుంది. ఇక ఆమెకి మిగిలిన ఆట ఆ పిల్లే.

కౌసల్య మేకప్ గదిలోంచి వచ్చింది. కాళ్ళకి చెప్పుల్లేవు. రేగిన జుట్టు, బుగ్గలమీద మసి, భుజం దగ్గర కావాలని చింపిన గౌను. వెనకే తల్లి శకుంతలమ్మ. ఆమె చేతిలో తెల్లబూట్లు న్యూస్‌పేపర్లో చుట్టి ఉన్నాయి.

"జర జల్ది తేల్చండ్రి మేడం," అంది శకుంతలమ్మ. "పిల్ల పొద్దుగాల్నుంచి ఏం తినలే. తింటే మొఖం నిండుగ కనవడ్తదంట కెమెరాల."

"మీరెలా ఒప్పుకున్నారు శకుంతలమ్మగారూ?"

"ఎట్ల ఒప్పుకున్ననంటే ఏం చెప్పాలె? ఇన్నేండ్లసంది నేను సీన్లల్ల గుంపుల నిలవడుతున్న. పెండ్లికి నిలవడ్డ, చావుకు నిలవడ్డ. ఒక్కసారన్న నా మొఖం కనవడలే. నా బిడ్డ మొఖం తెరనిండ కనవడ్తదంటే వద్దంటనా? మీరైతే అంటరా?"

 లీల జాలీ పట్టుకుని పిల్లవైపు వంగింది. "కౌసల్యా, నీకిష్టం లేకపోతే చెప్పు. ఇక్కడ నిన్నెవరూ ఏమీ చెయ్యలేరు. నేనున్నాను."

"ఇష్టమే అక్కా."

"మొహానికి మసి పూసుకుని, అన్నం వద్దని ఏడవడం ఇష్టమా? నిన్ను నేను ఎలా తయారుచేద్దామనుకున్నాను! వీళ్ళ ముందు బొమ్మలా ఆడతావా?"

కౌసల్య తల వంచుకోలేదు. "నీ ముంగట గూడ గదే చేస్తున్న గదక్కా."

"ఏం చేస్తున్నావు?"

"ఐతారం ఐతారం పెద్దోళ్ళు కార్లల్ల వస్తరు గదా, మన ఆట చూడనీకి. నువ్వు నిలవడ్డకాన్నుంచే నాతోని ఆడ్తవు. ఆఖరి బంతి నెట్టుల కొడ్తవు. కావాలెననే కొడ్తవు. నేను గెలిచిన్నని అందరు చప్పట్లు కొడ్తరు. నువ్వేమో మోకాలు పట్టుకోని నవ్వుతవు. నాకు సిగ్గైతదక్కా. నేను మంచిగ ఆడ్తున్ననో లేదో నాకు తెల్వనే తెల్వది." ఆ పిల్ల బొటనవేలితో మట్టి గీకింది. "గీళ్ళే నయం. యాక్టింగని చెప్పి చేపిస్తున్నరు."

సూర్యప్రకాశరావు కిసుక్కున నవ్వాడు. చలపతిరావు నవ్వలేదు. కూతురి వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

లీలకి చెవులు వేడెక్కాయి. అబద్ధమని అరవాలనిపించింది. కానీ అది అబద్ధం కాదు. పిల్లలు సంతోషిస్తారనే చేసింది. వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారనీ చేసింది. గొప్ప క్రీడాకారిణి, ఎంత పెద్దమనసో అని వాళ్ళు గుసగుసలాడుకుంటుంటే వినడానికి కూడా చేసింది. ఇదంతా ఈ పిల్లకి తెలుసు. ప్రతి ఆదివారం తెలుస్తూనే ఉంది.

పొద్దుటి నుంచీ తను బావగారివైపు ఏ చూపు చూసిందో, కౌసల్య ఇప్పుడు తనవైపు అదే చూపు చూస్తోంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది లీలకి.

గుప్పిట్లో తాళంచెవి చెమటకి తడిసిపోయింది. ఆమె కుంటుకుంటూ వెళ్ళి గేటు తెరిచింది.

"బూట్లేసుకో," అంది కౌసల్యతో.

"ఎందుకు?"

"ఆడదాం. ఒక్క గేమ్. ఈసారి ఓడిపోను."

"ఒట్టేనా?"

"ఒట్టు."

"ఓడిపోయినంక మోకాలు నొప్పి అనొద్దు మల్ల."

"అనను."

శకుంతలమ్మ కూతురి గౌను చూసింది, బూట్లు చూసింది, కెమెరా పక్కనున్న డైరెక్టరు వైపు చూసింది. చివరికి పేపరు విప్పి బూట్లు కింద పడేసింది. కౌసల్య కూలబడి లేసులు కట్టుకుని, ముంజేతితో మసి తుడుచుకుంది. సగం పోయింది. సగం చెవులదాకా అయింది.

శారదాదేవి కూతురి చెయ్యి పట్టుకుని చెవిలో గొణిగింది. "నీకు మతిపోయిందా? పరుగెత్తితే ఇక నడవలేవని డాక్టరు చెప్పలేదూ?"

"వదులమ్మా."

"ఆ పిల్లకి చెప్పు. చెప్తే అర్థం చేసుకుంటుంది."

"చెప్పకూడదమ్మా. ఇప్పుడు అస్సలు చెప్పకూడదు." లీల చెయ్యి విడిపించుకుంది.

ఇవతలి సగంలోకి, ఊడ్చి పెట్టుకున్న వైపుకి నడిచింది. కౌసల్య అవతలి సగంలోకి వెళ్ళి, ముగ్గులో రాకెట్టు బొమ్మ దాటి గీత వెనక నిలబడి, బొట్టు పెట్టిన బంతి ఒకటి తీసుకుంది.

చలపతిరావు అంతవరకూ ఊరికే చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఆయన మొహంలో వెలుగొచ్చింది. లీలకి ఆ వెలుగు చిన్నప్పటి నుంచీ తెలుసు.

"ప్రకాశం! కెమెరా ఇటు తిప్పించు. ముహూర్తం షాట్ ఇదే. హీరోయిన్ని తర్వాత కలుపుదాం. కొబ్బరికాయేదీ?"

"మామయ్యగారూ, డైలాగు లేదు!"

"నోర్ముయ్యవయ్యా! తియ్యమను."

కొబ్బరికాయ పగిలింది. ఎవరో హారతి తిప్పారు. క్లాప్ కొట్టారు. లీలకి అవేవీ పట్టలేదు. వంగి రాకెట్టు తిప్పుతూ, నెట్టుకి కట్టిన మామిడాకుల మీదుగా ఒక్క ఆ పిల్ల చేతినే చూస్తోంది. ఇన్నేళ్ళుగా ఎందరెందరి చేతులనో ఇలాగే చూసింది. ఎవరిముందూ ఇంత భయపడలేదు.

కౌసల్య బంతి పైకెగరేసింది. కొట్టింది. బంతి మూలకి దూసుకొచ్చింది. పదమూడేళ్ళ పిల్ల కొట్టే సర్వీసు కాదది. లీలకి ఆ క్షణంలో ఒళ్ళంతా సంతోషమైంది. అందుకోగలను అనుకుంది. మూడంగల్లో అందుకునేదే.

రెండో అంగలో కుడికాలు పొద్దున తను పూడ్చిన గుంటమీద పడింది. పైన కోర్టులాగే ఉన్న మట్టి పాదం కింద మెత్తగా దిగిపోయింది. మోకాలు ఒకవైపు, ఒళ్ళు ఒకవైపు తిరిగాయి. లోపల ఏదో తెగిన చప్పుడు ఆమెకొక్కదానికే వినిపించింది.

బంతి గీత లోపల పడి, జాలీకి తగిలి ఆగింది. లీల మోకాలు రెండు చేతుల్తో పట్టుకుని ఎర్రమట్టిలో పడి ఉంది.

కంచె చుట్టూ జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. "అబ్బ, ఎంత సహజంగా ఉందండీ!" అన్నాడు డైరెక్టరు.

"ఆపకండి! తీస్తూనే ఉండండి!" చలపతిరావు గొంతు.

శారదాదేవి చేతిలోంచి కాఫీ గ్లాసు జారి కిందపడింది. ఆవిడ గేటు వైపు పరిగెత్తబోతే అల్లుడు అడ్డం నిలిచాడు. "ఫ్రేములోకి వెళ్ళకండి అత్తయ్యగారూ!"

కౌసల్య నెట్టు దాకా వచ్చింది. జనం వైపు చూడలేదు. చప్పట్లు వినలేదు. కింద పడి ఉన్న లీలనే చూస్తోంది.

"లెవ్వక్కా."

లీల లేవబోయింది. కాలు తనది కానట్టుంది. "కౌసల్యా..." అంది. ఆ పిల్ల అనొద్దన్న మోకాలు నొప్పి మాటే నోటిదాకా వచ్చింది. ఒట్టు గుర్తొచ్చి మింగేసింది. ఇక చెప్పడానికి ఇంకో మాట లేదు. "ఈసారి నిజంగానే అందలేదమ్మా," అంది.

ఆ పిల్ల పెదవి వంకర తిరిగింది. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. "ఒట్టేసినవు గదక్కా!" అంది. "మల్ల మొదలువెట్టినవా?"

వెనక్కి తిరిగి, ముగ్గు తొక్కుకుంటూ గీత దగ్గరికి వెళ్ళింది. బుట్టలోంచి ఇంకో బంతి తీసుకుని, దానిమీది కుంకుమబొట్టు బొటనవేలితో గట్టిగా తుడిచేసింది. బంతిని నేలకేసి కొడుతూ, లీలక్క నటన ఆపి లేచి నిలబడేదాకా ఆగుదామని నిలబడింది.